గడ్డ చుట్టూ ఉన్నది

మీ ఇంట్లో ఒక ఆడమనిషికి రొమ్ములో గడ్డ తగిలితే, ఆ మాట మీతో చెప్పగలదా? గడ్డ ఉందా లేదా అని నేను అడగడం లేదు. ఉంటే, మీ ముఖం చూసి ఆ మాట పైకి అనగలదా? తొందరపడి తలూపకండి. రెండేళ్ల కిందట ఎవరైనా నన్నిలా అడిగి ఉంటే నేనూ తలూపేవాణ్ణి. నన్నే అడుగుతారా అని కాస్త కోపంగా కూడా చూసేవాణ్ణి.

నాది నలభై ఏళ్ల వాదన. తాయెత్తు మీద, దిష్టి మీద, ముహూర్తం మీద, జబ్బు పూర్వజన్మ పాపమనే మాట మీద తిరుపతిలో నిలబడి మాట్లాడినవాణ్ణి. కొండ కింద ఊళ్లో అలా మాట్లాడితే ఎంతమంది మొహం చాటేస్తారో, ఎంతమంది టీ కొట్టు దగ్గరికి పనిగట్టుకుని వచ్చి గొడవ పెట్టుకుంటారో నాకు అలవాటే. గొడవ నాకు ఇష్టం కూడా. ఎదుటివాడు ఒక్క మాట తడబడితే చాలు, ఆ సందులోంచి దూరేవాణ్ణి. అలాంటివాడి ఇంట్లో దాచుకునే జబ్బులు ఉండవని నా నమ్మకం. ఆ ఒక్క నమ్మకాన్ని మాత్రం నేను ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. ఉండేది చిత్తూరులో. బావ పోయి చాలా కాలమైంది. కూతురు అదే వీధిలో కాపురం ఉంటుంది. అక్క చదివింది అయిదో తరగతి. చేసే పని, మామిడి మండీలో కాయలు ఏరడం. ఎండాకాలం వచ్చిందంటే ఆమె ఇంటిపట్టున ఉండదు. పొద్దున్నే మండీకి పోతే లారీలు నిండేదాకా అక్కడే. పదిహేనుమంది ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. రసం ఫ్యాక్టరీకి పోయేవి ఒక కుప్ప, దూరపు ఊళ్లకు పెట్టెల్లో పోయేవి ఒక కుప్ప, ఊళ్లో బండ్ల మీదికి పోయేవి ఒక కుప్ప.

ఆ పనిలో కళ్లకంటే వేళ్లు ముఖ్యం. పైకి నిగనిగలాడే కాయ లోపల ఎలా ఉందో వేళ్లే చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లు బొటనవేలితో నొక్కుతారు. అక్కకు అది చూస్తే ఒళ్లు మండేది. “బొటనేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల మే నీకు? అది కాయ, కాలింగ్ బెల్ కాదు” అని అరిచేది. మూడు వేళ్ల కొసలు కలిపి కాయ మీద ఆనించి, నొక్కీ నొక్కనట్టు చుట్టూ తిప్పేది. తిప్పుతూనే తీర్పు. “ఇది రెండు దినాలు. ఇది నాలుగు. దీన్ని ఆవుకి ఎయ్యి.” ఆమె రెండు దినాలంటే రెండు దినాలే. వ్యాపారులు ఆమె మాట మీద లారీలు పంపేవారు. గట్టిగా ఉన్న కాయను బోదగడ్డిలో పెట్టి, వేడి తగలనిస్తే మెత్తబడుతుంది. ఆమె జీవితమంతా చూసింది అదే. గట్టిది కాలం మీద మెత్తబడుతుంది, కావలసింది వెచ్చదనమూ ఓపికా.

ఆ ఏడాది కాయలు అయిపోయాక అక్క తిరుపతి వచ్చింది. ఏటా వస్తుంది, పది రోజులు ఉంటుంది. ఈసారి ఆమె పడుకునే గదిలోంచి కాచిన ఆముదం వాసన వచ్చేది. పొద్దున స్టవ్ మీద పెనంలో రాళ్ల ఉప్పు వేడి చేసి, గుడ్డలో మూట కట్టుకుని గదిలోకి పోయి తలుపు వేసుకునేది.

“ఏందక్కా, మోకాలా?” అన్నాను.

“ఆ. మోకాలే.”

మోకాలి నొప్పి మనిషి మెట్లెక్కి మిద్దె మీదికి పోదు. అక్క పోయింది, గుడ్డలు ఆరెయ్యడానికి. నేను కుండీలకు నీళ్లు పోస్తూ చూశాను. తడి చీరను తీగ మీదికి కుడిచేత్తోనే విసురుతోంది. ఎడమచెయ్యి భుజం దాటి లేవడం లేదు. రెండుసార్లు చీర కిందపడింది.

“ఎడమచేతికేమైంది?”

“ఏం కాలేదు. గమ్మునుండు.”

“అక్కా.”

ఆమె చీర దులుపుతూ, నావైపు చూడకుండా అంది. “ఈడ కొంచెం గట్టిగా ఉండాది. కాపడం పెడతా ఉండాలే. మెత్తబడతాది.”

“ఈడ అంటే?”

పైట పక్కకు ఒక వేలు చూపింది. ముట్టుకోలేదు. ఆ భాగానికి ఒక పేరు ఉందని, అది తెలుగులో మంచి మాటేనని మా ఇద్దరికీ తెలుసు. నలభై ఏళ్లు అన్నిటి మీదా మాట్లాడిన నేను మా ఇంట్లో ఆ మాట ఒక్కసారీ అనలేదు.

“ఎన్నాళ్లయింది?”

“కాయలు మొదలైనప్పటి నుంచీ. చంద్రగిరి పక్కన ఒకామె రుద్దతాది. ఆమె తావ పోయి రుద్దించుకున్నాను. ఇప్పుడు నేనే సేసుకుంటా ఉండా.”

అప్పుడు నేను అరిచాను. ఏమని అరిచానో రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాయాలి. “ఊరందరికీ నేను చెప్తూంటే, నా ఇంట్లోనే రుద్దుడా? ఉప్పు మూటా? ఇది బయటికి తెలిస్తే నా ముఖాన ఉమ్మెయ్యరా?” అన్నాను. మూర్ఖత్వం అన్నాను. చదువు లేకపోతే ఇంతే అన్నాను. పక్కింటి మిద్దె మీద వడియాలు పెడుతున్న ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అక్క అంతా విని, చీరను తీగ మీద సరిచేసింది. “అయిందా? నీ ఊరందరి సంగతి తర్వాత సూసుకో. గడ్డ నాది” అంది.

మరునాడు పొద్దున ఏడు గంటల బస్సుకు చిత్తూరు వెళ్లిపోయింది. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. కూతురికి చేశాను. ఆ పిల్ల బాలింత, నెల నిండని బిడ్డ. “అమ్మ బాగానే ఉండాది మామా, ఎందుకట్ట అడగతా ఉండావు?” అంది. తల్లి చెప్పలేదని అర్థమైంది. నేనూ చెప్పలేకపోయాను. ఒకసారి చిత్తూరు వెళ్లాను. “తమ్ముడుగా వచ్చినావా, ఉపన్యాసానికి వచ్చినావా?” అని గుమ్మంలోనే అడిగింది. అన్నం పెట్టింది. ఆసుపత్రి మాట ఎత్తగానే కంచం తీసేసింది.

ఆ కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి గదా. చంద్రగిరి పక్కన రుద్దే ఆమె మీద పెట్టాను. ఆమె మీద ఒక వ్యాసం రాయడం మొదలుపెట్టాను. అమాయకుల ఒళ్లు పిసికి ప్రాణాలు తీసేవాళ్లని మొదలెట్టాను. నాలుగు పేజీలు బాగా వచ్చాయి. ఆమెను చూడకుండా రాయడం న్యాయం కాదనిపించి, న్యాయం కోసం కొంత, ఇంకా రెండు ఘాటైన పేజీలకు సరుకు కోసం కొంత, ఒక ఆదివారం ఆ ఊరికి వెళ్లాను.

రేకుల వసారాలో ఒక అరవై ఏళ్ల మనిషి, ఒక ఆటో డ్రైవరు మడమ తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతోంది. వాడు కేకలు పెడుతున్నాడు.

“ఇంత గడ్డం పెంచినావు, ఈ మాత్రానికే ఏడస్తావా నాయనా?” అంటోంది. నన్ను చూసి, “నీకేం బెణికింది సామీ?” అంది.

మా అక్క గుర్తులు చెప్పాను. మండీలో పని, చిత్తూరు, ఎడమచెయ్యి. ఆమె చెయ్యి ఆగింది.

“ఆయమ్మా! బతికే ఉండాదా? ఆస్పత్రికి పోయిందా?”

“మీరే కదా రుద్దింది?”

“నేను రుద్దింది బుజం. బుట్టలు ఎత్తి నరం పట్టిందని చెప్పింది. మూడోసారి వచ్చినప్పుడు సంక దగ్గర నా చేతికి గట్టిగా తగిలింది. అప్పుడే చెయ్యి తీసేసినా. ఇది నా పని కాదు తల్లీ, పెద్దాస్పత్రికి పో అంటి. నేను బెణుకు రుద్దేదాన్ని, గడ్డ ముట్టను. మా యమ్మ కూడా ముట్టలేదు.”

ఆమె డ్రైవరు మడమ మళ్లీ అందుకుంది.

“ఇంట్లో చెప్పినావా అంటే లేదనింది. తమ్ముడు బాగా చదివినోడు, తిరుపతిలో ఉండాడనింది. అట్టయితే ఆయన తావ చెప్పు మే అంటి. వానితో చెప్పలేనక్కా, వాడు అరస్తాడు అనింది.” నన్ను మీదినుంచి కిందిదాకా చూసింది. “నువ్వేనా ఆ తమ్ముడివి?”

ఆటో డ్రైవరు కూడా ఏడుపు ఆపి నన్ను చూశాడు.

ఆ నాలుగు పేజీలు ఇంటికి రాగానే చించేశాను. చించడం గొప్ప పని కాదు. అంతకుముందు రాయడం తప్పు. నా అక్కకు ఆసుపత్రి దారి చూపించిన ఒకే ఒక్క మనిషి ఆమె. అక్కను ఆ దారినుంచి మళ్లించినవాటిలో నా గొంతు ఒకటి.

మా ఇంటి పై భాగంలో ఒక అమ్మాయి అద్దెకు ఉంటుంది. పలమనేరు వైపు పిల్ల. ఇక్కడ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధన అని అద్దెకు చేరిన రోజు అడిగాను, క్యాన్సర్ కణాల మీద అంది, మందు కనిపెడతావా అన్నాను, లేదు సార్ అంది, అంతటితో వదిలేశాను. ఆ ఆదివారం సాయంత్రం మెట్ల మీద ఎదురైతే ఎందుకో జరిగిందంతా చెప్పాను. ఆమె రెండు ప్రశ్నలు అడిగింది. గడ్డ కదులుతుందా, అతుక్కుని ఉందా. నాకు తెలియదన్నాను. నేను అడగనేలేదు.

“నేను చేసేది మీకు ఎప్పుడూ చెప్పలేదు సార్. క్యాన్సర్ కణం ఏం చేస్తుందో అందరూ చూస్తారు. నేను చూసేది, అది దేని మీద కూర్చుంటే ఏం చేస్తుందో. మెత్తటి దాని మీద పెడితే ఒకలా, గట్టి దాని మీద పెడితే ఒకలా. పెద్దమ్మ దగ్గరికి నేను రావచ్చా?”

వెళ్లేముందు రోజు ఆమె మా వంటింట్లో చైనా గడ్డి ఉడకబెట్టింది. జెల్లీకి వాడేది, కిరాణా కొట్లో దొరికేదే. ఒక గిన్నెలో నీళ్లు ఎక్కువ పోసి, ఒక గిన్నెలో తక్కువ పోసి రెండు టిఫిన్ డబ్బాల్లో పోసింది. చల్లారితే ఒకటి వణికే మెత్తన, ఒకటి గట్టి అచ్చు. వాటిని ఒళ్లో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కింది. దారిలో నాకు ఒకే షరతు పెట్టింది. “సార్, అక్కడ మీరు మాట్లాడకూడదు.” ఇంతవరకూ నాకు ఎవరూ పెట్టని షరతు అది.

అక్క తలుపు తీసి, నన్ను వదిలేసి ఆ పిల్లను చూసింది. “ఈ పాపెవరు? డాక్టరా?”

“కాదు పెద్దమ్మా. మీ తమ్ముడింట్లో మిద్దె మీద ఉంటా. మీ వేళ్ల గురించి విన్నా. చిన్న పరీక్ష పెడదామని వచ్చినా.”

డబ్బాలు తెరిచింది. అక్కకు నవ్వొచ్చింది. మూడు వేళ్లు కలిపి ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద ఆనించింది. అలవాటు చొప్పున చుట్టూ తిప్పింది.

“ఇది ఈ రోజే తినేయాల. ఇది ఉత్త రాయి. ఇప్పుడు చెప్పు, ఏంది కథ?”

ఆ పిల్ల చెప్పింది. నాకు చెప్పినట్టు కాదు, మండీలో పక్కన కూర్చుని చెప్పినట్టు. ఇలాంటి మెత్తటి దాని మీద కొన్ని క్యాన్సర్ కణాలు పోస్తే అవి గుండ్రంగా ముడుచుకుని కదలకుండా కూర్చుంటాయట. అవే కణాలను గట్టి దాని మీద పోస్తే, పరుచుకుంటాయట. సన్నని కాళ్లు చాపి, కింద ఉన్నదాన్ని పట్టి లాగి చూస్తాయట, గట్టిగా ఉందా లేదా అని. గట్టిగా ఉంటే ఆ పట్టు ఆధారంగా నడవడం మొదలుపెడతాయట. అన్ని రకాల కణాలూ అన్నిసార్లూ అచ్చం అలాగే చేస్తాయని కాదు, కానీ తను చూసినవాటిలో ఎక్కువ అలా చేశాయట.

“మన ఒంట్లో కణాల మధ్య సన్నని నార ఉంటుంది పెద్దమ్మా. అల్లిన నులకమంచం మాదిరి. గడ్డ లేచినచోట ఒళ్లు దాన్ని పుండు అనుకుంటుంది. పుండు మాన్పాలని ఇంకా నార పేనుతుంది. ఇంకా బిగిస్తుంది. అది మానే పుండు కాదు కాబట్టి ఆ పేనడం ఆగదు. మీ వేలికి తగిలే గట్టిదనంలో చాలాభాగం ఆ నారదే. లోపల క్యాన్సర్ కణం విడిగా చూస్తే మెత్తగా ఉంటుంది, మామూలు కణంకంటే కూడా మెత్తగా. అందుకే ఇరుకు సందుల్లోంచి పిండుకుని దూరగలదు. ఆ నారలు బిగిసి వరసగా బయటికి సాగితే, దానికి దారి ఏర్పడినట్టు.”

అక్క గట్టి అచ్చు మీద మళ్లీ మూడు వేళ్లు ఆనించింది. తర్వాత అంది, “అదే.”

“ఏంది పెద్దమ్మా?”

“మొదట చింతగింజంత ఉండె. అటూ ఇటూ జరిగేది. నేను దినమూ సూసుకుంటా కదా. గింజ పెద్దగా పెరగలేదు మే. దాని చుట్టూ ఉండేది గట్టిపడతా వచ్చింది. ఇప్పుడు జరగదు. దేన్నో పట్టుకున్నట్టు ఉండాది. పైన తోలు కూడా లోపలికి లాగతా ఉండాది.”

ఆ పిల్ల ముఖం మారింది. ఆమె ప్రయోగశాలలో ఏళ్ల తరబడి చూస్తున్నదాన్ని ఈ మనిషి భూతద్దం లేకుండా, యంత్రం లేకుండా తన మూడు వేళ్లతో మూడు నాలుగు నెలలపాటు చూసింది. చూసి ఎవరితోనూ చెప్పలేదు. చెప్పడానికి మనిషి లేక.

అంతలో అక్క అడిగింది. నేను విన్న ప్రశ్నల్లో అంత పదునైనవి తక్కువ. “గట్టిదాని మీద అయితేనే నడస్తాయి అంటివి కదా. అట్టయితే గట్టిదాన్ని మెత్తన చేస్తే నిలిచిపోవాల కదా? నేను ఆముదం రాసి, కాపడం పెట్టి చేసేది అదే కదా? దానికెందుకు వీడు అంత అరిచె?”

నోరు తెరవబోయాను. ఆ పిల్ల చెయ్యి చూపింది.

“మంచి ప్రశ్న పెద్దమ్మా. ఆ నార బిగుతు తగ్గించే మందుల కోసం చాలామంది వెతుకుతా ఉండారు. కానీ మీ కాపడానికి తోలు మెత్తబడుతుంది, వాపు తగ్గుతుంది. లోపల నార సడలదు. అది వేడికి మాగే కాయ కాదు. ఇంకొకటి, ఆ నారను సడలిస్తే కణాలు నిలుస్తాయో, తలుపు తీసినట్టయి ఇంకా సులువుగా బయటపడతాయో, అది కూడా ఇంకా తేలలేదు.”

“అంటే మీకూ తెలీదా?”

“తెలీదు పెద్దమ్మా.”

అక్క నావైపు తిరిగింది. “సూసినావా? తెలీదంట. ఇంత చదివిన పిల్ల తెలీదని ఎంత బాగా చెప్పింది. నువ్వు పుట్టినప్పటి నుంచి ఒక్కసారి అన్నావా ఆ మాట?”

అనలేదు. సభలో ఆ మాట అంటే ఓడిపోయినట్టే. హేతువాదానికి మొదటి మెట్టే ఆ మాట అని రాసినవాణ్ణి, ఇంట్లో ఆ మెట్టు ఎక్కకుండా గోడ దూకి వచ్చినవాణ్ణి.

“మరి తెలిసింది ఏంది?” అని అక్క ఆ పిల్లనే అడిగింది.

“కదలకుండా అతుక్కున్నదాన్ని ఆలస్యం చేయకూడదని తెలుసు. అది క్యాన్సరో కాదో వేళ్లకు తెలీదని తెలుసు, మీ వేళ్లకు కూడా. సూదితో కొంచెం తీసి చూస్తేనే తెలుస్తుందని తెలుసు.”

“కత్తి తగిలితే పాకతాదంట కదా? మా మండీలో ఒకామెకు కోసినారు, ఆర్నెల్లకు పోయింది.”

దానికి ఆ పిల్ల, “అది డాక్టరమ్మను అడగండి, నేను పక్కన కూర్చుంటా” అంది. అక్క లేచి లోపలికి వెళ్లింది. చీర మార్చుకుని, సంచి పట్టుకుని వచ్చింది. అంత తేలికా అనుకున్నాను. నేను మిద్దె మీద అరిచిన రోజుకూ, ఆమె సంచి పట్టుకున్న రోజుకూ మధ్య అయిదు వారాలు.

తిరుపతిలో పరీక్ష చేసిన డాక్టరమ్మ గడ్డ చూసి, చంక చూసి, “ఎవరు కనుక్కున్నారమ్మా ఇది?” అంది. నేనే అంది అక్క. ఎలా అంటే మూడు వేళ్లు చూపించింది. డాక్టరమ్మ ఆ వేళ్లను తన చేతిలోకి తీసుకుని చూసింది. “మేము ఆడవాళ్లకు నేర్పేది ఇదే. బొటనవేలు వాడకుండా వేళ్ల మెత్తలతో చుట్టూ తిప్పమని. మీకు వచ్చు. వచ్చినదాన్ని ఎందుకు దాచుకున్నారు?”

అక్క పైట సర్దుకుంది. నా పేరు చెప్పలేదు. అది ఆమె మంచితనం.

తర్వాత అక్క కత్తి సంగతి అడిగింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కత్తి వల్లో సూది వల్లో కణాలు పాకడం చాలా అరుదు. ఆ భయంతో ఊరుకుంటే పాకడం తాను రోజూ చూస్తూనే ఉంది. జనం జబ్బు పాకిపోయాక వస్తారు, పాకిపోయాక కోస్తారు, మనిషి పోతుంది. చూసినవాళ్లకు కనిపించేది కత్తి ఒక్కటే. అంతకుముందు ఊరుకున్న నెలలు ఎవరికీ కనిపించవు. ఆ ఒక్క వివరణ నా నాలుగు పేజీల వ్యాసంకంటే బలమైనది, పైగా ఎవరినీ తిట్టలేదు.

నేనొక ప్రశ్న అడిగాను. “రుద్దడం వల్ల పాకిందా?” తప్పు ఎవరిదో తేల్చుకోవాలనే ఉబలాటం నాకింకా పోలేదు.

“దానివల్లే అని నేను చెప్పలేను. గడ్డను పిసకొద్దనే చెప్తాను. కానీ నాకు కచ్చితంగా తెలిసిన నష్టం, పోయిన కాలం” అంది.

వారం తర్వాత కాగితం వచ్చింది. క్యాన్సరే. చంకలో బిళ్లలకు, అంటే లింఫు గ్రంథులకు చేరింది. దూరపు అవయవాలకు చేరినట్టు పరీక్షల్లో కనబడలేదు. ముందు మందులు ఎక్కించారు, తర్వాత ఆపరేషన్, తర్వాత కరెంటు అని అందరూ అనే రేడియేషన్. జుట్టు పోయినప్పుడు అక్క ఏడవలేదు. ఇడ్లీ రుచి తెలియనప్పుడు ఏడ్చింది. కూతురు బిడ్డను ఎత్తుకుని వచ్చి, “నాకెందుకు చెప్పలేదు మా?” అని పోట్లాడింది. ఆ పోట్లాటలో నేను గదిలోంచి బయటికి వచ్చి కూర్చున్నాను.

మందులు ఎక్కించే రోజుల్లో పక్క మంచం మీద శ్రీకాళహస్తి వైపు ఒకామె ఉండేది. ఆమె మొగుడు ప్రతిరోజూ వచ్చి, ఎవరి దిష్టి తగిలిందో అని గొణిగేవాడు. పాతరోజులైతే ఆ వరండాలోనే సభ పెట్టేవాణ్ణి. ఒక రోజు అతని పక్కన కూర్చుని, “ఆమెకు గడ్డ ఉందని నీకు ఎప్పుడు చెప్పింది అప్పా?” అని అడిగాను. “చెప్పలేదన్నా. రవికకు మరకయితే నేనే చూసినా” అన్నాడు. అతనికీ నాకూ దిష్టి విషయంలో చాలా దూరం. ఆ ఒక్క విషయంలో ఇద్దరం ఒకే మంచం పక్కన ఉన్నాం.

ఆ రోజుల్లో నాకొక సంగతి బాగా అర్థమైంది. జబ్బు ఒక్క కణం చేసే పని కాదు. దాని చుట్టూ ఏముందో, ఎంత బిగిసి ఉందో, ఎటు దారి ఇస్తోందో, అదంతా కలిసి చేసే పని. ఆ పిల్ల గాజు పళ్లెంలో చూసేది అది. ఇంటి గురించి కూడా అలాగే మాట్లాడొచ్చు. కానీ పోలిక కుదిరిందని మురిసిపోవడానికి నేను భయపడతాను. కణానికి సిగ్గు లేదు, మా అక్కకు ఉంది. నార ఎలా బిగుస్తుందో ఇంకా పూర్తిగా తెలియదు. ఇల్లు ఎలా బిగుస్తుందో నాకు తెలుసు. ఆడమనిషి ఒంటికి పేరు లేకుండా చేసి బిగిస్తాం. ఆమె చెప్పిన మొదటి మాటకే తీర్పు చెప్పి బిగిస్తాం. భక్తులే బిగిస్తారని నేను వాదించాను. నాస్తికుడు కూడా బిగించగలడని రుజువు చేశాను.

అక్క ఇప్పుడు మూడు నెలలకొకసారి చూపించుకుంటోంది. ఎడమచెయ్యి వాచుతుంది, దానికి తొడుగు వేసుకుంటుంది. పోయిందా అంటే డాక్టరమ్మ పోయిందని అనదు. చూస్తూ ఉండాలి అంటుంది. అక్కకు ఆ మాట నచ్చింది. “ఆమె అబద్ధం చెప్పదు” అంటుంది. నేను తోడు వెళ్తాను. వరండాలో కూర్చుంటాను. చీటీ నంబరు పిలిచినప్పుడు అక్క లోపలికి వెళ్తూ ఒకసారి తిరిగి చూస్తుంది. ఆ చూపు ఇక్కడ రాయలేను. ఆ అయిదు వారాల్లో చంకలో ఎన్ని బిళ్లలకు చేరిందో నాకు ఎవరూ చెప్పలేరు. చెప్పలేరు కాబట్టి ఆ లెక్క నన్ను వదలదు.

మీకు అలాంటి లెక్క మిగలకూడదు. అందుకే అడుగుతున్నాను, బతిమాలడం లేదు. ఇది చదవడం ఆపి లేవండి. మీ తల్లినో భార్యనో అక్కనో ఒంటరిగా ఉన్నప్పుడు పలకరించండి. రొమ్ము అనే మాట వాడండి, గొంతు తగ్గించకండి, పెంచకండి. ఎక్కడైనా గట్టిగా తగులుతోందా అని అడగండి. తగులుతోందంటే, ఎన్నాళ్లయింది, ఎందుకు చెప్పలేదు అని ఒక్క మాట కూడా అనకండి. చెప్పులు వేసుకోండి. రేపు ఆసుపత్రి తలుపు తీసే వేళకు ఆమె పక్కన మీరు నిలబడి ఉండండి.